నగిషీ పట్టీ చప్పుడు చేసిన ప్లేడే

గనిలో దిగినవాడికి కట్టె చప్పుడంటే ఏమిటో ముందే చెప్పాలి. చెప్పకపోతే, శుభ్రంగా టీ తాగుతున్న పెద్దమనుషులం గ్లాసులు వదిలేసి కుండపోత వానలోకి ఎందుకు దూకామో మీకు అర్థం కాదు. పిచ్చివాళ్ళనుకుంటారు. అందులో సగం నిజమే అయినా మిగతా సగం కోసం చెప్పాలి.

భూమి లోపల మా నెత్తి మీది బండను ఆపేవి కట్టె దుంగలే. బొగ్గు తీసినకొద్దీ కింద దుంగ నిలబెడతారు. పైన బండ కదిలితే ముందుగా ఆ దుంగ మూలుగుతుంది. కిర్రుమంటుంది, తర్వాత టక్కుమంటుంది, ఆ తర్వాత ఏమంటుందో వినడానికి ఎవడూ అక్కడ ఉండకూడదు. ఆ చప్పుడు వినగానే మనిషి ఆలోచించడు. కాళ్ళు ముందు పరిగెడతాయి. తల వెనకాల వస్తుంది.

మా జట్టులో ఆ చప్పుడు వినే పని మా బాపుది, అంటే మా నాన్నది. బాపు టింబర్‌మన్. దుంగలు నిలబెట్టడం ఆయన డ్యూటీ. మేం తట్టలు పట్టుకుని బొగ్గు నింపడానికి కూర్చునే ముందు ఆయన పొడుగాటి కర్రతో పైకప్పు తట్టేవాడు. గట్టి బండ ఒక తీరుగా పలుకుతుంది, విడిచిన బండ డొల్లగా పలుకుతుంది. తనిఖీ చేసే సర్దార్ వచ్చి చూసి సరేనని పోయినా సరే, బాపు తల ఊపేదాకా మా జట్టులో ఎవడూ కింద కూర్చునేవాడు కాదు. ఆయన తల ఊపాడంటే అంతే, ఇంటికి పోయి అన్నం తింటామన్నమాట.

నేను కూడా ఆ జట్టే. ఆరో తరగతిలో బడి నన్ను వదిలిందో, నేను బడిని వదిలానో మా పంతులుకూ నాకూ ఎప్పటికీ తేలలేదు. కొన్నేళ్ళు బస్టాండు దగ్గర హోటల్లో గ్లాసులు కడిగి, వయసు రాగానే గనిలో చేరాను. గ్లాసులు కడిగేటప్పుడు నేర్చుకున్న విద్య ఒక్కటే, ఎదుటివాణ్ణి నవ్వించడం. లోపల ఆ చీకట్లో, ఆ ఉక్కలో, నా నోరు ఆగితే జట్టు ఊరుకునేది కాదు. మా కాక, అంటే మా పక్క క్వార్టరాయన, మా బాపును సొంత అన్నలా చూసుకునే మనిషి, నన్ను చూసి "వీనికి తట్ట ఎందుకు, మైకియ్యుండ్రి" అనేవాడు.

ఇంట్లో ఫికరంతా, దిగులంతా, మా అవ్వది. మా వైపు తల్లినే అవ్వ అంటాం. బాపుకు వయసు మళ్ళింది, ఇక కిందికి దిగొద్దు, పైన సర్ఫేస్ మీద ఏదో ఒక డ్యూటీ అడగమని అవ్వ ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంది. మొగుడూ కొడుకూ ఒకే జట్టులో, ఒకే కప్పు కింద. సైరన్ మోగిన ప్రతిసారీ ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి గుమ్మంలోకి వచ్చేది. బాపు జవాబు మాత్రం మారేది కాదు.

"నా చెవులున్నన్ని రోజులు మనోళ్ళకేం గాదు."

అవ్వ ఆ మాటకు ఎదురు చెప్పలేకపోయేది. చెప్పడానికి ఏముంది? నిజంగానే ఏమీ కాలేదు.

ఇక నగిషీ పట్టీల సంగతి.

మా అమ్మమ్మ మంథనిలో ఒక పెద్దింట్లో వాకిలి అలికే పని చేసేది. చిన్నప్పుడు అవ్వ ఆమె వెంట వెళ్ళి ఆ ఇంటి వసారాలో కూర్చునేదట. అక్కడ గోడ పైన, కప్పు మొదలయ్యే చోట, ఈ చివరి నుంచి ఆ చివరికి టేకు పట్టీ ఉండేదట. జానెడు వెడల్పు, దాని మీద చెక్కిన తీగ, తీగ మీద చిలకలు. వాళ్ళమ్మ పని ముగించేదాకా ఆ చిలకలను చూస్తూ కూర్చునేదట. అవ్వ జీవితంలో ఇది కావాలని అడిగిన వస్తువు అదొక్కటే. చుట్టుపక్కల వాళ్ళంతా రేడియో అడిగితే మా అవ్వ గోడకు చిలకలు అడిగింది.

ఆ ఇంట్లో ఒక పక్కభాగం కూలగొట్టి కొత్తగా కడుతున్నారని తెలిసి బాపు పోయాడు. గనికి దుంగలు తెచ్చే లారీ మీద పట్టీలు వేయించుకుని వచ్చాడు. ఎవరికీ ముందు చెప్పలేదు. అవ్వ బయటికి వచ్చి, లారీ మీద చిలకలను చూసి, చేతిలో ఉన్న చాటను అలాగే పట్టుకుని నిలబడిపోయింది. చాటలో బియ్యం కోళ్ళు తిన్నాయి. ఆమె తోలలేదు.

తెచ్చాడు సరే, పెట్టేదెక్కడ? మాది ఒకటిన్నర గది క్వార్టరు. ఆ అర గదిలో నేను కాళ్ళు చాపితే పాదాలు వంటింట్లో ఉండేవి. పట్టీలు పడుకోబెట్టాలంటే మేం నిలబడి నిద్రపోవాలి. అందుకని వాటిని నిలబెట్టాం. పెరట్లో గోడకు ఆనించి, పైన పాత గోనెసంచులు కప్పాం. బాపుకు వరుసగా డ్యూటీలు, ఇవాళ కొడదాం రేపు కొడదాం అనుకుంటూ ఎండాకాలమంతా అవి అక్కడే నిలబడ్డాయి.

మా బొగ్గు పొయ్యి కూడా అక్కడే. గోదావరిఖనిలో అప్పట్లో కట్టెలు ఎవరు కొంటారు? పొద్దున్నే ప్రతి పెరట్లో బొగ్గు రాజుకునేది, కాలనీ మీద పొగ దుప్పటిలా పరుచుకునేది. ఆ పొయ్యి వేడి పట్టీలకు ఒక పక్క, చల్లటి గోడ ఒక పక్క. కట్టెతోనే బతికే ఇంట్లో కట్టె గురించి ఒక్కరికీ ఆలోచన రాలేదు.

వానలు మొదలయ్యే ముందు ఒక సాయంత్రం గోనెసంచులు తీశాం. పట్టీలు విల్లులా వంగి ఉన్నాయి. మధ్యలో ఒంగి, రెండు చివరలూ గోడను వదిలి. అవ్వ ఒక పట్టీని చేతిలోకి తీసుకుని, చిలకల మీద మసి తుడుస్తూ, ఏమీ అనకుండా బాపు వైపు చూసింది.

మౌనం నాకు పడదు. "బాపూ, విల్లు తయారైంది, ఇంక బాణాలు తెస్తే అడవికి పోవచ్చు," అన్నాను.

అవ్వ నవ్వలేదు, అది న్యాయమే. బాపు కూడా నవ్వలేదు. ఇక్కడొక సంగతి చెప్పాలి. అప్పటికి ఏడాదో రెండేళ్ళో అయింది, బాపు నా జోకులకు నవ్వడం మానేసి. గనిలో అందరూ నవ్వాక, వాళ్ళ ముఖాలు చూసి ఆలస్యంగా ఒక చిన్న నవ్వు నవ్వేవాడు. ఇంట్లో అదీ లేదు. నా సరుకు పాతబడిందేమో అనుకున్నాను. తర్వాత, చదువు మానేసినందుకు కోపం ఇన్నాళ్ళకు బయటపడుతోందేమో అనుకున్నాను.

వీధి చివరుండే వడ్రంగి, మా వడ్లాయన, వచ్చి చూసి, వీటిని నేల మీద పరిచి, పైన రాళ్ళు పెట్టి, కొన్నాళ్ళు కదపకుండా ఉంచితే కొంత తిరిగి వస్తాయని చెప్పి పోయాడు. పోయాక బాపు ముక్కుతో నవ్వాడు. కింద గుట్టంత బండను ఆపుతున్నాం, గోడ మీద ఈ పుల్ల వంకర తీయలేమా అన్నది ఆయన లెక్క. ప్లేడే రోజు, అంటే మా వారం సెలవు రోజు, కాకను పిలిచి పని మొదలుపెట్టాడు.

ఆ పని ఎలా చేశాడో చూడాలి మీరు. వడ్లవాడు ఇంటికి పట్టీ కొట్టేటప్పుడు చివరన సన్న సందు వదులుతాడు, కట్టె ఊపిరి తీసుకోవాలని. గనివాడికి సందు అంటే చావు. కింద వదులుగా ఉన్న దుంగ దుంగే కాదు. దుంగకూ బండకూ మధ్య వేలు దూరే చోటు ఉండకూడదు, చెక్క చీలలు దిగ్గొట్టి బిగించాలి, సుత్తితో కొడితే ఖంగుమనాలి. బాపు మా ముందు గదిలో అదే చేశాడు. నేనూ కాకా వంకర పట్టీని రెండు చివరలా పట్టి, దాని ఇష్టానికి వ్యతిరేకంగా గోడకు అదిమి పట్టుకున్నాం. బాపు బోర్లించిన నీళ్ళ డ్రమ్ము మీద నిలబడి మేకు మీద మేకు కొట్టాడు. రెండు గోడల మూలల్లో చీలలు దిగ్గొట్టాడు. చివరికి పట్టీ మీద అరచేయి ఆనించి, కాసేపు అలాగే ఉంచి, తల ఊపాడు.

గనిలో కూడా ఆయనకు కొత్తగా ఆ అలవాటు వచ్చింది. ఒక చేత్తో కర్ర పట్టి తడుతూ, రెండో అరచేయి బండ మీదో దుంగ మీదో ఆనించేవాడు.

"బాపూ, జ్వరముందా దానికి?" అన్నాను, కింద నుంచి.

బాపు పలకలేదు. కాక మాత్రం నవ్వు ఆపుకోలేక పట్టీ వదిలేయబోయాడు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. గోడ మీద ఆ చిలకలు కూర్చున్నాక మా క్వార్టరు మా క్వార్టరులా లేదు. అవ్వ దీపం పెట్టే వేళ రోజూ ఒకసారి తల ఎత్తి చూసుకునేది. మా జట్టును మొత్తం టీకి పిలవాలని అవ్వే అంది. చిలకలను నలుగురికీ చూపించుకోవద్దా మరి.

వాళ్ళు వచ్చిన ప్లేడేకి వాన పట్టుకుని రెండు మూడు రోజులైంది. పెంకుల మీద మోత, గోడల నిండా చెమ్మ. జట్టంతా ముందు గదిలో చాప మీద ఇరుక్కుని కూర్చున్నారు. కాక గుమ్మానికి దగ్గరగా, బాపు గోడకు వీపు ఆనించి సరిగ్గా పట్టీ కింద. అవ్వ టీ ఇచ్చి సకినాలు తేవడానికి లోపలికి పోయింది. నేను నిలబడి మా పైఅధికారి ఓవర్‌మన్ నడకను నడిచి చూపిస్తున్నాను. అందరూ పొట్టలు పట్టుకున్నారు.

కిర్రుమంది.

ముందు చిన్నగా, మంచంలో ఎవరో ఒత్తిగిల్లినట్టు. నా కాలు గాల్లోనే ఆగింది. నవ్వులు ఎక్కడివక్కడ తెగిపోయాయి. తర్వాత టక్కుమంది. ఆ వెనకే కర్ర్ర్‌మని పొడుగ్గా, కట్టె చీలుతున్నట్టు, నెత్తి మీద.

ఇంక నాకు తెలిసింది ఏమిటంటే నేను వానలో ఉన్నాను. మోకాళ్ళదాకా బురద. నా పక్కన కాక, చేతిలో ఖాళీ గ్లాసు, లుంగీ సగం ఊడి. మిగతావాళ్ళు చుట్టూ. ఎవరూ అరవలేదు. గనిలో కూడా అరవం, అరవడానికి ఊపిరి ఉండదు. అందరం రొప్పుతూ గది వైపు చూస్తున్నాం, దుమ్ము లేస్తుందని. గదిలో దుమ్ము ఎందుకు లేస్తుంది? అది మా ఇల్లు. పైన బండ లేదు, పెంకులున్నాయి. ఆ సంగతి మా కాళ్ళకు తెలియదు.

తల వెనకాల వచ్చింది. కాక ముందుగా నవ్వాడు. "నీ చిలకలు పాడుగాను," అన్నాడు. ఒకరొకరుగా నవ్వు అందుకున్నారు. నవ్వుతూనే అలవాటు కొద్దీ తలలు లెక్క చూసుకున్నాం. కింద నుంచి బయటపడ్డాక మొదట చేసే పని అదే, ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఒక తల తక్కువైంది.

గుమ్మంలోంచి చూశాం. బాపు కూర్చున్నచోటే కూర్చుని ఉన్నాడు. టీ ఊదుకుంటున్నాడు. పట్టీ ఒక చివర మేకులను పీక్కుని గోడ వదిలి, ఆయన తలకు మూరెడు పైన వంగి, పడగలాగా ఊగుతోంది. ఆయన గ్లాసు పెదవుల దగ్గరే పట్టుకుని, ఒలికిన టీలను, ఖాళీ చాపను, వానలో తడుస్తున్న మమ్మల్ని చూసి, నొసలు ముడిచాడు. మేం ఆడే ఆట ఏదో ఆయనకు అర్థం కానట్టు.

మొదట నేను గర్వపడ్డాను. మా బాపు గుండె చూడండి, కదలలేదు అనుకున్నాను. కట్టె చప్పుడులో తేడా ఆయనకు తెలుసు, ఇది బండ కాదని పట్టేశాడు అనుకున్నాను. ఆ మాట అనబోతూ కాక వైపు తిరిగాను. కాక ముఖంలో నవ్వు లేదు. చన్నీళ్ళు గుమ్మరించినట్టు ఉంది ఆ ముఖం.

అప్పుడే ఇంకో మేకు ఊడింది. బాపు నెత్తి మీదే, టక్కుమని, తుపాకీ పేలినట్టు. వానలో ఉన్నవాళ్ళం అందరం మళ్ళీ ఒక అడుగు వెనక్కి పడ్డాం.

బాపు రెప్ప కొట్టలేదు.

మేం వెనక్కి పడటం చూశాడు. మా చూపు ఎటుందో చూసి, తల పైకెత్తాడు. గ్లాసు కింద పెట్టి, మెల్లగా లేచి, ఊగుతున్న పట్టీ మీద అరచేయి ఆనించాడు. అది ఇంకా వణుకుతోంది. ఆ వణుకు ఆయన చేతిలోకి, చేతిలోంచి ముఖంలోకి రావడం నేను చూశాను. ఆయన మా వైపు తిరిగాడు.

"సప్పుడు చేసిందా?"

సకినాల పళ్ళెంతో లోపలి గుమ్మంలో అవ్వ నిలబడి ఉంది. ఆమె కూడా చప్పుడుకే పరిగెత్తి వచ్చింది.

నా తలలో ఏళ్ళన్నీ తలకిందులయ్యాయి. ఆలస్యంగా వచ్చే నవ్వు. మాట్లాడేవాడి పెదవుల మీదే ఉండే చూపు. బండ మీద అరచేయి. జ్వరముందా అని అడిగాను నేను. ఎన్నేళ్ళుగా లోపల బొగ్గు పేల్చే బాంబుల మోత వింటూ వింటూ ఎప్పుడు ఆ చెవులు పోయాయో, ఎంత పోయాయో. ఆయన తల ఊపితే మేం ఆ కప్పు కింద కూర్చుని జోకులు చెప్పుకున్నాం.

అవ్వ పళ్ళెం కింద పెట్టింది. ఆమె గొంతు మామూలుగానే ఉంది, దానికే నాకు భయమేసింది.

"ఇంట్ల నేను పిలిస్తె పలుకకపోతె మొగోడు గదా, గట్లనే ఉంటడు అనుకున్న."

కాక తడి కాళ్ళతోనే లోపలికి వచ్చి బాపుకు ఎదురుగా, ముఖంలో ముఖం పెట్టి నిలబడ్డాడు. ఒక్కొక్క మాటా విడదీసి పలికాడు.

"అన్నా. రేపు దిగకు."

"నా చెయ్యికి తెలుస్తది," అన్నాడు బాపు. అరచేయి ఇంకా పట్టీ మీదే ఉంది. "దుంగ కదిలితె నా చెయ్యికి తెలుస్తది. ఇన్ని రోజులు తెల్వలేదా?"

"నువ్వు ముట్టుకున్న దుంగ తెలుస్తది. నా వెనుకున్న దుంగను ఎవలు ముట్టుకుంటరే?"

బాపు చేయి పట్టీ మీద నుంచి తీసి, లుంగీకి తుడుచుకున్నాడు, అక్కడ తుడవడానికి ఏమీ లేకపోయినా. జట్టులోవాళ్ళు ఒక్కొక్కరే ఆయన భుజం ముట్టి, వానలోనే వెళ్ళిపోయారు. సకినాలు ఎవరూ ముట్టలేదు.

సాయంత్రం వాన తగ్గాక బాపు డ్రమ్ము వేసుకుని పట్టీలు ఊడదీయడం మొదలుపెట్టాడు. రేపు పొద్దున మొదటి షిఫ్టు. దిగుతాడా, దిగడా? అవ్వ వంటింటి గడప మీద కూర్చుని ఆయన వీపునే చూస్తోంది. అడగడం లేదు. నేను ఊడిన పట్టీలు అందుకుని, వడ్లాయన చెప్పినట్టు చాప తీసేసిన నేల మీద పరుస్తున్నాను. చిలకలు పైకి. ఇంట్లో సుత్తి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ చప్పుడు ముగ్గురిలో ఇద్దరికే వినబడుతోంది.

చివరి పట్టీ అందిస్తూ బాపు ఆగాడు. నా ముఖం చూశాడు.

"అందరికంటె ముందు ఉరికింది ఎవలో ఎరుకేనా?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఎరుకే. తండ్రిని పట్టీ కింద, తల్లిని లోపల వదిలేసి బురదలోకి దూకినవాణ్ణి నేనే. గుమ్మం దగ్గరున్న కాకను దాటుకుని పోయాను.

"నాకు ఇనవడలేదు గని, కండ్లయితె ఉన్నయి గదా," అన్నాడు. "టీ ఊదుకుంటా సూసిన. వాళ్ళు ఇంక నవ్వుతనే ఉన్నరు, నీ కాలు గాల్లనే ఆగింది. వాళ్ళు లేసేవరకు నువ్వు బయటున్నవు."

నేను ఏదో అనబోయాను. ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"గా నోరు జూసి, వీనికేం ఇనవడుతది, వీని మాటలె వీనికి సరిపోతయి అనుకున్న. వీణ్ణి ఇడిసి నేను పైకెట్ల పోవాలె అనుకున్న."

అవ్వ గడప మీద నుంచి లేచింది. నేను అలాగే పట్టీ పట్టుకుని నిలబడిపోయాను. అవ్వ సర్ఫేస్ డ్యూటీ అడుగు అన్న ప్రతిసారీ ఆయన చెవుల సంగతి చెప్పి నోరు మూయించింది ఇందుకా? లేని చెవులు పెట్టుకుని, అరచేత్తో, నా కోసం.

బాపు డ్రమ్ము దిగాడు. తలుపు వెనక నుంచి తన కర్ర తీసి, నా చేతిలో పట్టీ లాక్కుని, దాని బదులు కర్ర పెట్టాడు.

"నీ చెవులు మంచిగున్నయి. ఇగ నాకు ఫికర్ లేదు."

మర్నాడు పొద్దున ఇద్దరం కలిసే బయలుదేరాం. గని మొగదల దగ్గర ఆయన ఆఫీసు వైపు తిరిగాడు, నేను దీపం తీసుకోవడానికి పోయాను. తర్వాత ఆయనకు పైన దుంగల యార్డులో డ్యూటీ ఇచ్చారు. అక్కడ దుంగలను ఎండకు ఒక పక్క, నీడకు ఒక పక్క నిలబెట్టినవాణ్ణి ఆయన తిట్టే తిట్లు గేటు దాకా వినబడేవట. మా చిలకలు రాళ్ళ కింద చలికాలం దాకా పడుకుని, కొంత వంకర తీరి, చివరన వేలెడు సందుతో మళ్ళీ గోడెక్కాయి.

ఆ మొదటి రోజు మాత్రం లోపల జట్టంతా తట్టలు కింద పెట్టి నిలబడి ఉన్నారు. ఎవరూ కూర్చోలేదు. నేను బాపు కర్రతో కప్పు తడుతున్నాను. చీకట్లో వాళ్ళ దీపాలన్నీ నా ముఖం మీదే ఉన్నాయి. కాకకు ఆ మౌనం పడలేదు.

"ఏందిరా, ఇయ్యాల ముచ్చట్లు లెవ్వా?"

"ఆగే కాకా," అన్నాను. "ఇననియ్యి."